ఉప్పు ఇసుక మీద యంత్రం

ఫ్లోరిడా తూర్పు తీరంలో చలికాలం ఈశాన్యపు గాలి పట్టిందంటే ఒక పట్టాన వదలదు. ఆ గాలికి లేచిన అలలు ఒడ్డు ఇసుకను నిలువునా కోసి లోపలికి ఈడ్చుకుపోతాయి. గాలి తగ్గిన మర్నాడు, ఇంకా తెల్లవారకముందే, సెబాస్టియన్ ఇన్‌లెట్ నుంచి వీరో బీచ్ దాకా అక్కడొకరు ఇక్కడొకరు మనుషులు కనిపిస్తారు. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో పొడుగాటి కర్ర, దాని చివర గుండ్రటి కాయిల్. నేల చూపులు తప్ప తలెత్తి పలకరించరు.

వాళ్ల ఆశ ఊరికే పుట్టింది కాదు. 1715 జులై ఆఖర్లో, హవానా నుంచి స్పెయిన్‌కు వెండి బంగారాలతో బయలుదేరిన ఓడలు ఈ తీరం ఎదుటే హరికేన్‌లో చిక్కుకున్నాయి. పన్నెండింటిలో పదకొండు పోయాయి. 1950లలో కిప్ వాగ్నర్ అనే ఇళ్లు కట్టే కాంట్రాక్టరు ఈ ఒడ్డున దొరుకుతున్న వెండి నాణేల వెంట పడ్డాడు. సైన్యం వాడి అమ్మేసిన పాత మెటల్ డిటెక్టరు ఒకటి చవగ్గా కొన్నాడు. ఇసుకదిబ్బల వెంబడి తిరిగి తిరిగి, ఆ ఓడల్లోంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్లు మకాం వేసిన చోటు పట్టుకున్నాడు. ఇప్పుడక్కడ మెక్‌లార్టీ మ్యూజియం ఉంది. ఉద్యోగరీత్యా మెల్‌బోర్న్ ఊరికి వచ్చిన కొత్తలో ఆ మ్యూజియం కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను.

ఎందుకంటే నేను పిఠాపురం పక్క పెరిగినవాణ్ణి. తుపాను వెళ్లిపోయాక ఉప్పాడ ఒడ్డున ఆడవాళ్లు, పిల్లలు వంగుని ఇసుక గోకుతూ బంగారు నలుసులు వెతకడం చిన్నప్పుడే చూశాను. చేతివేళ్లు, చీపురుపుల్లలు, అంతే సరంజామా. ఎన్నో ఏళ్లుగా ఇళ్లనీ గుళ్లనీ సముద్రం మింగేసిన ఊరది. మింగినదాంట్లో కాస్త అప్పుడప్పుడు వెనక్కి ఇస్తుందని మా అమ్మమ్మ నమ్మకంగా చెప్పేది. అందుకే హెడ్‌ఫోన్ల మనుషులు నాకు వింత మనుషుల్లా అనిపించలేదు. నాక్కూడా ఒక యంత్రం కావాలనిపించింది.

మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. నౌకాదళంలో రేడియో పనిచేసి రిటైరయ్యారు. ఏ డిటెక్టరు కొనమంటారని అడిగితే ఆయన ధరా చెప్పలేదు, కంపెనీ పేరూ చెప్పలేదు. "నువ్వు ఎక్కడ నిలబడతావు?" అని అడిగారు. పొడి ఇసుకలోనా, అల వచ్చి పోయే తడి ఇసుకలోనా, నడుం లోతు నీళ్లలోనా, తల మునిగే చోటా? ఈ నాలుగూ నాలుగు ప్రపంచాలన్నారు. ఇన్నేళ్ల తర్వాత కూడా, కొత్తవాళ్లు ఎవరు అడిగినా నేను మొదట అడిగేది ఈ ప్రశ్నే. యంత్రం ఎంత లోతు చూస్తుందన్న లెక్కతో మొదలుపెట్టినవాళ్లు దాదాపుగా అందరూ డబ్బు పోగొట్టుకోవడం చూశాను.

ఒక ఆదివారం ఆటు వేళకి ఆయన నన్ను ఒడ్డుకు తీసుకెళ్లారు. ఆయన పల్స్ ఇండక్షన్ యంత్రం, ఆయన స్నేహితుడి మల్టీ ఫ్రీక్వెన్సీ యంత్రం, నేను ఆఫీసులో ఒకరి దగ్గర అడిగి తెచ్చిన సింగిల్ ఫ్రీక్వెన్సీ యంత్రం. కాకినాడలో చేయించిన నా ఉంగరానికి చేపల గాలం నైలాను కట్టి, జానెడు లోతున పాతి, దారం కొస పైకి వదిలాం.

పొడి ఇసుకలో మూడూ మోగాయి. నేను తెచ్చిన దాని మోతే అన్నిటికంటే స్పష్టంగా ఉంది. అదే ఉంగరాన్ని తడి ఇసుకలో పాతి, అదే యంత్రాన్ని దాని మీద ఆడించాను. కింద ఏమీ లేని చోట కూడా కీచుకీచుమంటోంది. అల వచ్చి తగిలితే గోల, వెనక్కి పోతే గోల. సెన్సిటివిటీ తగ్గించుకుంటూ పోతే చివరికి నోరు మూసుకుంది. కానీ అప్పటికి దానికి నా ఉంగరం కూడా వినపడటం మానేసింది.

పెద్దాయన ఇసుక మీద గీతలు గీసి కారణం చెప్పారు. కాయిల్ నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. దాని దారిలో లోహం తగిలితే అందులో చిన్న చిన్న సుడి ప్రవాహాలు పుట్టి బదులిస్తాయి. ఆ బదులే మనకు మోత. చిక్కల్లా ఏమిటంటే ఉప్పునీళ్లు కూడా కరెంటును మోస్తాయి, అవీ బదులిస్తాయి. దానికితోడు ఒడ్డున చారలు చారలుగా పడే నల్ల ఇసుకలోని ఇనప ఖనిజాలు వేరే రకం బదులిస్తాయి. ఒక్క ఫ్రీక్వెన్సీతో పనిచేసే యంత్రం వీటిలో ఒకదాన్ని సర్దుకోగలదు, రెండిటినీ ఒకేసారి సర్దుకోలేదు. రెండు మూడు ఫ్రీక్వెన్సీలు ఒకేసారి పంపే యంత్రం వాటి బదుళ్లను పోల్చి చూసి ఉప్పునీ, ఖనిజాన్నీ తీసేసి, మిగిలింది మన చెవిలో వేస్తుంది. పల్స్ ఇండక్షన్ దారి వేరు. చటుక్కున ఒక దెబ్బ పంపి, ఆపి, కొన్ని మైక్రోసెకన్లు ఆగి అప్పుడు వింటుంది. ఆపాటికి ఉప్పు బదులు చచ్చిపోతుంది, లోహం బదులు ఇంకా మిగులుతుంది.

ఆయన యంత్రం తడి ఇసుకలో నిశ్శబ్దంగా ఉండి నా ఉంగరాన్ని జానెడు కంటే బాగా కింద కూడా పట్టుకుంది. చూడగానే మనసు దాని మీదకే పోయింది. కానీ తరవాత గంటసేపు దాంతో తవ్వినవి తలలో పెట్టుకునే పిన్నులు, మేకులు, సీసా మూతలు. పల్స్ యంత్రానికి ఇనుమూ బంగారమూ ఒకటే, తేడా చెప్పదు. జనసందోహం లేని, చెత్త తక్కువ పడే ఒడ్డున అది రాజే. కోకో బీచ్ లాంటి, సంతలా జనం వచ్చే చోట నడుం విరగ్గొట్టుకోవడమే.

అలా నా చూపు మల్టీ ఫ్రీక్వెన్సీ వైపు తిరిగింది. అప్పుడే, 2018లో, ఆస్ట్రేలియా కంపెనీ మైన్‌ల్యాబ్ వాళ్ల ఈక్వినాక్స్ 800 వచ్చింది. అప్పట్లో దాదాపు 900 డాలర్లు. దానికంటే ముందునుంచీ వాళ్లదే ఎక్స్‌క్యాలిబర్ ఉంది, 66 మీటర్ల లోతు దాకా నీళ్లు చొరబడవని హామీ. గారెట్ వాళ్ల సీ హంటర్ పల్స్ యంత్రం కూడా ఇంచుమించు అంత లోతుకే. కానీ అవి నీటి అడుగున ఈదేవాళ్లకు. ఛాతీ దాటి దిగని నాకు ఈక్వినాక్స్ ఇచ్చే మూడు మీటర్లు చాలు. అదే కొన్నాను.

ఇక్కడొక సంగతి గట్టిగా చెప్పాలి. కొట్లో పెట్టె మీద నీళ్లకు ఆగుతుందని రాసి ఉంటే, ఏది ఆగుతుందో అడగండి. చాలా డిటెక్టర్లకు అడుగున కాయిల్ ఒక్కటే నీళ్లకు ఆగుతుంది. పైన బ్యాటరీ, తెర ఉన్న పెట్టె ఆగదు. మోకాలి లోతులో ఉన్నప్పుడు ఒక పెద్ద అల వస్తే పైపెట్టె తడుస్తుంది, దాంతో కథ ముగుస్తుంది. హెడ్‌ఫోన్లు కూడా అంతే. చాలా యంత్రాలతో వచ్చేవి మామూలువి. నీళ్లలో వాడేవి విడిగా, మంచి ధర పెట్టి కొనుక్కోవాలి. అవి లేకపోతే అలల హోరులో ఏ మోతా వినపడదు. కాయిల్‌కీ పైపెట్టెకీ మధ్య తీగ లేని వైర్లెస్ యంత్రాల విషయంలో ఇంకో మెలిక ఉంది. రేడియో తరంగాలు నీళ్లలో పోవు కాబట్టి కాయిల్ దగ్గర నుంచి పైకి ఒక తీగ వేసుకోవాలి.

తవ్వే పనిముట్టు గురించి ఎవరూ ముందు ఆలోచించరు. నడుం లోతులో వంగి చేత్తో తవ్వడం కుదరదు. పొడుగు పిడి, అడుగున చిల్లులున్న స్టెయిన్‌లెస్ స్టీలు స్కూపు కావాలి. దాన్ని కాలితో తొక్కి, ఎత్తి, నీళ్లలో జాడిస్తే ఇసుక పోయి గవ్వలు, నాణేలు మిగులుతాయి. పెద్ద కాయిల్ లోతు చూస్తుంది నిజమే. అలల్లో దాన్ని అటూ ఇటూ ఆడించడం మాత్రం భుజాలకు పరీక్ష.

యంత్రం తెర మీద అంకెలు చూపిస్తుంది. అమెరికా అయిదు సెంట్ల నికెల్ నాణేనికి నాదాని మీద 13 వస్తుంది. ఇక్కడివాళ్ల 14 క్యారెట్ల సన్న ఉంగరాలు ఆ చుట్టుపక్కలే పలుకుతాయి. శీతలపానీయం డబ్బాల అల్యూమినియం మూతిచెవులూ, గాలాల సీసపు గుళ్లూ కూడా అక్కడక్కడే. చెత్త వద్దని ఆ అంకెల్ని నొక్కేస్తే బంగారం కూడా చెత్తతో పాటే పోతుంది. మన 22 క్యారెట్ల బంగారంలో కలిపే వేరే లోహం తక్కువ. అది కరెంటును బాగా మోస్తుంది, కాబట్టి అంతే సైజున్న వస్తువు ఇంకా పై అంకె చూపిస్తుంది. నా కాకినాడ ఉంగరం మీద అది తేటతెల్లంగా కనిపించింది. ఇక్కడి పాతకాపులకు ఈ సంగతి తట్టదు, వాళ్లకు అవసరమూ లేదు. ఒకరోజు నాకు అవసరమైంది.

దానికి ముందు ఉప్పాడ మాట. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత ఉప్పాడ ఒడ్డున బంగారం దొరుకుతోందని జనం ఎగబడ్డారు. మేనమామ కొడుకు వీడియో కాల్ చేసి, "బావా, నీ మిషను అట్టుకుని వచ్చేయవా, ఇక్కడందరూ పుల్లలతో గోకుతున్నారు" అన్నాడు. ఆశ పుట్టలేదని అనను. కానీ మన దేశంలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది. మట్టిలో దాగి ఉన్న నిధి ఏదైనా పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు చెప్పాల్సిందే. ఆకలితో నలుసులు ఏరుకునే ఆ ఆడవాళ్ల మధ్యకి 900 డాలర్ల యంత్రంతో దిగడం నాకు న్యాయంగానూ తోచలేదు. ఇక్కడ ఫ్లోరిడాలోనూ నియమాలు తక్కువేం కాదు. కనావెరల్ నేషనల్ సీషోర్‌లో డిటెక్టరు అసలు వాడకూడదు. స్టేట్ పార్కుల తీరాల్లో ఇసుకదిబ్బల పాదం నుంచి నీటి అంచు దాకానే వెతకాలి. ఆ 1715 నాటి ఓడలున్న నీళ్లలో వెతికే హక్కు ఒక సంస్థది. మార్చి నుంచి అక్టోబరు దాకా తాబేళ్లు గుడ్లు పెడతాయి. తవ్విన ప్రతి గుంతా పూడ్చాలి, లేకపోతే వాటి పిల్లలు అందులో పడి బయటికి రాలేవు.

అవసరమైన రోజు వచ్చింది. ఒర్లాండోలో ఉండే ఒక తెలుగు కుటుంబం వాళ్లు కోకో బీచ్‌కి వచ్చారు. ఆ ఇంటి కోడలు నడుం లోతులో ఉండగా అల కొట్టి మెళ్లోని నల్లపూసల గొలుసు తెగింది. దానికే రెండు పుస్తెలూ గుచ్చుకుంది. ఎవరో చెబితే నా నంబరు దొరికింది. ఫోన్లో వాళ్ల అత్తగారు, "బాబూ, నువ్వెవరివో కూడా తెలీదు, ఒక్కసారి రావా" అన్నారు.

వెళ్లేసరికి ఆటు మొదలైంది. లైఫ్‌గార్డు గూటికి సరిగ్గా ఎదురుగా నిలబడ్డామని వాళ్లకు గుర్తుండటం పెద్ద అదృష్టం. ఒడ్డున రెండు కర్రలు పాతి హద్దు పెట్టుకున్నాను. నీళ్లలో పనికొచ్చే బీచ్ 2 మోడ్‌లోకి మార్చి, ఇనుముతో సహా అన్నీ మోగనిచ్చి, ఒడ్డుకు సమాంతరంగా అడుగులో అడుగేసుకుంటూ నడిచాను. మొదట సీసపు గుండు, తర్వాత డబ్బా చెవులు, ఒక క్వార్టరు నాణెం. అలలు విరిగే చోటుకీ ఒడ్డుకీ మధ్య సన్నటి కాలువలాంటి పల్లం ఉంటుంది. బరువైనవన్నీ అక్కడికే చేరతాయి. ఆ పల్లంలో, నికెల్ కంటే కాస్త పైన, చిన్నదే అయినా తడబడకుండా ఒకే అంకె పలికింది. స్కూపు జాడించి చూస్తే గవ్వల మధ్య పుస్తె.

ఒడ్డుకు తెచ్చి ఇస్తే అత్తగారు దాన్ని తిప్పి చూసి, "ఇది వాళ్ల పుట్టింటిది. మాది ఇంకాస్త పెద్దది బాబూ" అన్నారు. ఆ అమ్మాయి ఏడుపు ఆపుకోలేకపోయింది. రెండోది పోటు తిరిగే ముందు, అక్కడికి నాలుగడుగుల్లోనే దొరికింది.

గొలుసు మాత్రం యంత్రానికి దొరకలేదు. సన్న గొలుసులో ఒక్కో లింకూ విడివిడిగా ఉంటుంది. కరెంటు సుడి తిరగడానికి చోటు చాలదు, బదులు పీలగా వచ్చి పోతుంది. మధ్యలో నల్లపూసలుంటే మరీను. పల్స్ యంత్రమైనా అంతే, అది వినడం మొదలుపెట్టేలోపే సన్న బంగారం మాట అయిపోతుంది. పుస్తెలు దొరికిన చోట నేల ఇసుకంతా స్కూపుతో ఎత్తి ఎత్తి జాడిస్తే, గొలుసులో ఒక ముక్క గవ్వకు చిక్కుకుని వచ్చింది. రెండో ముక్క రానే లేదు.

వెళ్లేటప్పుడు ఆ అమ్మాయి భర్త కారు దగ్గర ఆగి, "అన్నయ్యా, నేనూ ఇదే కొంటాను, మోడల్ పేరు చెప్పండి" అన్నాడు. నువ్వెక్కడ వెతుకుతావని అడిగాను. ఇంటి చుట్టుపక్కల చెరువుల ఒడ్డున, పార్కుల్లో అన్నాడు. సముద్రానికి ఏడాదికోసారి వస్తే ఎక్కువట. మంచినీళ్లలో ఉప్పు గోల ఉండదు, సింగిల్ ఫ్రీక్వెన్సీ యంత్రం చక్కగా పనిచేస్తుంది, ధరా చాలా తక్కువ. పైపెట్టె కూడా నీళ్లకు ఆగేది చూసుకో, మిగిలిన డబ్బుతో మంచి స్కూపు కొనుక్కో, మొసళ్లున్న చెరువుల్లో మాత్రం దిగకు అని చెప్పాను. నెల తర్వాత టర్కీ కంపెనీ నోక్టా వాళ్ల సింప్లెక్స్ కొన్నానని ఫొటో పంపాడు.