రాణీగంజ్ సందులో మా కారు

సికింద్రాబాద్‌లో కారు సామాను కావాలంటే రాణీగంజ్ పోవాల్సిందే. వానాకాలం అక్కడి ఎలక్ట్రీషియన్లకు తీరికుండదు. మారేడ్‌పల్లిలో చెట్టు కింద ఉన్న మా కారు హారన్ దానంతటదే మోగుతోందని ఫోన్ చేస్తే, "సెల్ఫ్ కొట్టకుండ్రి సార్, ముందుగాల బ్యాటరీ మైనస్ వైరు తీయుండ్రి" అన్నాడొకతను. బండిని లాగించుకుని వెళ్లాం.

వైపర్ల కింది నీటిదారిని ఆకులు మూసేస్తే వాన లోపలికి దిగిందట. కార్పెట్ పైకి పొడిగానే ఉంది. కింద స్పాంజి పిండితే చెంబెడు నీళ్లు! వైర్ల జాయింట్లకు పచ్చటి చిలుము. షోరూమువాళ్లు ఫోన్లోనే ఫ్యూజు పెట్టె మొత్తం మార్చాలన్నారు. ఇతను చిలుము గీకి, స్ప్రే కొట్టి, రెండ్రోజులు ఆరబెట్టాడంతే. (2020 అక్టోబర్ 13 వానకు నిండా మునిగిన కార్ల కథ వేరు, వాటికి ఇంజన్ కూడా విప్పాలి.) మూడోరోజు నేను ఇరానీ చాయ్ తాగి వచ్చేసరికి బ్యాటరీ తగిలించాడు. హారన్ నొక్కితేనే మోగింది.