నా పిన్నీసు, మా ట్రాక్టరు

మా ఇంట్లో నాకో సవతి ఉంది. వయసు ముప్ఫై దాటింది, ఎర్రరంగు వెలిసిపోయింది, అయినా మావారికి దానిమీద మోజు తీరలేదు. మా మామగారు 1994లో కొన్న మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరది. ఇంజను ఇప్పటికీ గుండ్రాయే. వచ్చిన చిక్కల్లా టైర్లతోనే.

మా పామూరు వైపు వానలు తక్కువ, ముళ్ళు ఎక్కువ. సైకిలుకు పల్లేరుకాయ చాలు. ట్రాక్టరుకు మాత్రం తుమ్మముల్లే కావాలి. నల్లతుమ్మ మనదే. సర్కారుతుమ్మ మహాతల్లి మాత్రం అమెరికా ఖండం నుంచి దిగిందట! 1870ల కాలంలో తెల్లదొరలు వంటచెరకు కోసం కడప జిల్లాలో నాటించారట. పొయ్యిలోకి పుల్లలొచ్చిన మాట నిజమే లెండి.

వాన పడ్డాక పదును రెండు మూడు రోజులే. అప్పుడే నలుగురూ బాడుగకు పిలిచేది. ఆ డబ్బే మా అమ్మాయి కాలేజీ ఫీజు. పోయినేడు సరిగ్గా ఆ పూటే వెనక టైరు కూర్చుంది. బరువు కోసం అందులో ముప్పాతిక వంతు నీళ్ళు పోయించి ఉంటారు. ఆ నీళ్ళు దించి, టైరు విప్పి, ట్యూబుకు మాసిక వేసి, మళ్ళీ బిగించేసరికి పొద్దుగూకింది. తెల్లారి చూస్తే మళ్ళీ కూర్చుంది! ఈసారి పంక్చర్లబ్బాయి టైరు లోపలంతా గుడ్డతో తుడిచాడు. ఒకచోట గుడ్డ పట్టుకుంది. విరిగిన ముల్లుమొన అక్కడే దాక్కుని కొత్త మాసిక పక్కనే పొడిచింది.

ఈలోగా పదును ఆరిపోయింది. బాడుగలు వేరే ట్రాక్టరుకు పోయాయి. ఫీజు కోసం నా కమ్మలు బ్యాంకుకు వెళ్ళాయి.

"ఎవడి పొలంలో గుచ్చుకుందో!" అని మావారు ఊరందరినీ తిడుతున్నారు. నాకు మాత్రం అన్నం సయించలేదు. బీరపాదు మీద మేకలు పడుతున్నాయని పెరట్లో కంపతో దడి కట్టించింది నేనే. ట్రాక్టరు మలుపు తిరిగేది ఆ దడి పక్కనే. ఎండుముళ్ళు దారంతా రాలి ఉన్నాయి. మూడోనాడు నోరు విప్పాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ బీరకాయలు నేనూ తిన్నాను కదటోయ్" అన్నారు.

దడి తీసేసి ఇనపవల కట్టించాం. ఇప్పుడు ట్రాక్టరు ఇల్లు చేరగానే టార్చిలైటూ పిన్నీసూ పట్టుకుని నాలుగు టైర్ల చుట్టూ ప్రదక్షిణం చేస్తాను. మందపాటి రబ్బరు కదా, ముల్లు చాలాసార్లు మొదటిరోజే ట్యూబు దాకా పోదు. చక్రం తిరిగేకొద్దీ దిగుతుంది. దిగకముందే పీకెయ్యాలి. గాలి చూడటం మావారి వంతు. మరీ తగ్గితే టైరు రిమ్ముమీద జారి, ట్యూబును లాగి, వాల్వు మొదలు తెగుతుందట.

"మొగుడి కాల్లో ముల్లు తియ్యమంటే కళ్ళు కనపడవంటావు, దీనికి మాత్రం కనపడతాయే!" అని మా అత్తగారి దెప్పు.

నిన్న రాత్రి ఏడు ముళ్ళు దొరికాయి. ఈ ఏడు ఇంతవరకూ ఒక్క పంక్చరూ పడలేదు. కమ్మలు మాత్రం ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. అడిగినవాళ్ళకు చెవులు పోటుగా ఉన్నాయని చెబుతున్నాను.