శ్రవణమే ప్రథమ సాధన



జనగామ ప్రాంతంలో అర్చకత్వం నిర్వహించే నాకు యంత్రశాస్త్రంతో పనేమిటని మీకు తోచవచ్చు. మా కుమారుడు యంత్రాలకు మానవుల మాటను వినడం నేర్పే పరిశోధనలో చేరతానన్న నాడు, "తరతరాలుగా చెవి నుండి చెవికి వచ్చిన విద్య నీతో ఆగిపోతుంది" అని పరుషంగా పలికాను. వాడు మారు మాటాడలేదు. గత కార్తికంలో భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో త్రివేణీ స్నానం, ముక్తీశ్వర దర్శనం అయిన పిమ్మట, ఒక ఆచార్యుని జీవితం నాకు వినిపించాడు.

ఆయన దబ్బల రాజగోపాల్ రెడ్డి గారు. లోకానికి రాజ్ రెడ్డి. 1937లో నాటి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, 1958లో మద్రాసు గిండీ కళాశాలలో ఇంజనీరింగ్ పూర్తిచేశారు. ఆస్ట్రేలియాలో ఉన్నత విద్య అనంతరం, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ శిష్యులుగా డాక్టరేటు పొందారు. 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా చేరి, 1979లో అక్కడి రోబోటిక్స్ సంస్థకు వ్యవస్థాపక సంచాలకులయ్యారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు.

పలికిన మాటను యంత్రం గ్రహించడమే ఆయన చిరకాల అన్వేషణ. 1970లలో ఆయన బృందం నిర్మించిన 'హియర్‌సే' వ్యవస్థలో ధ్వనిని, పదాన్ని, వాక్యనిర్మాణాన్ని, అర్థాన్ని ఎరిగిన వేర్వేరు విభాగాలు ఒకే నల్లబల్లపై తమ ఊహలను ఉంచుతాయి. ఒకదాని ఊహను మరొకటి బలపరుస్తుంది, లేదా త్రోసిపుచ్చుతుంది. ఆ విధంగా వాక్యం నిర్ణయమవుతుంది.

ఇది వినగానే నాకు శిక్షా, వ్యాకరణ, నిరుక్తాలు స్మరణకు వచ్చాయి. సర్వమూ వేదంలోనే ఉన్నదని వాదించడం నా ఉద్దేశం కాదు. ఏ ఒక్క అంగమూ ఏకాకిగా వాక్కును నిర్ణయించలేదన్న ఎరుక మాత్రం ఉభయత్రా సమానం.

వాని కోరికపై నమకంలో ఒక అనువాకం చరవాణి ముందు పఠించాను. తెరపై అక్షరాలు తప్పొప్పులతో వచ్చాయి. ఉదాత్తానుదాత్త స్వరితాల జాడ లేదు. నేను విజయగర్వంతో చూశాను. వాడు వినమ్రుడై, "నాన్నగారూ, యంత్రం వినలేనిది మీరు వింటున్నారు. అది ముందుగా నాకు నేర్పండి" అన్నాడు.

తైత్తిరీయ శిక్షావల్లిలో శిక్షా వ్యాఖ్యానం వర్ణ, స్వర, మాత్రలతో ఆరంభమవుతుందని ఎందరికో బోధించిన నేను, నా కుమారుని కంఠంలోని జిజ్ఞాసను వినలేదు! కాళేశ్వరంలో ఒకే పానవట్టంపై రెండు లింగాలున్నాయి. ఆనాడు వాటిని దర్శించినా, తత్త్వం నాకు ఆలస్యంగా బోధపడింది.

ఇప్పుడు ప్రతి సాయంకాలం సంధ్యావందనానంతరం వాడు హైదరాబాదు నుండి ఫోనులో సంత చెప్పుకొంటున్నాడు. నేను ఒకసారి, వాడు రెండుసార్లు.

శుభం భూయాత్.