మంచం జరిపితే సరిపోదు

గుడిమల్కాపూర్‌లో అదో పాత డాబా ఇల్లు. వానాకాలం వచ్చిందంటే చాలు, అమ్మమ్మ మంచం ఓ మూల నుంచి మరో మూలకు జరిగేది. పైన గోధుమరంగు మరక, కింద బకెట్. ఏటా దసరాకు రంగులేయించేవారు. మరక మాయం. ఆషాఢం రాగానే మళ్లీ ప్రత్యక్షం!

2020 అక్టోబర్ 13. ఆ ఒక్కరోజే హైదరాబాద్‌లో దాదాపు 19 సెంటీమీటర్ల వాన కురిసింది. రాత్రి బకెట్ పారబోయడానికి అమ్మమ్మ లేచింది. తిరిగొచ్చేసరికి స్లాబు పెచ్చు ఊడి తలగడ మీద పడి ఉంది. ఇంటిల్లిపాదికీ గుండె ఆగినంత పనైంది.

వాన తగ్గాక వచ్చిన మేస్త్రీ గదిలోకి వెళ్లకుండా ముందు డాబా ఎక్కాడు. పైపు మూతికి ఎండుటాకులు అడ్డం. పిట్టగోడ మొదట్లో పగులు. పూలకుండీల కింద ఎప్పుడూ ఆరని తడి. వాటం లేక నీళ్లు అక్కడే నిలిచిపోతున్నాయి.

కాంక్రీటుకున్న క్షారగుణం లోపలి ఇనుప చువ్వలకు రక్ష. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఆ గుణాన్ని తగ్గిస్తుంది. దానికి చెమ్మ తోడైతే చువ్వలు తుప్పుపడతాయి. తుప్పు అసలు ఇనుముకంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే పెచ్చులూడతాయి. పైపై రంగులు మరకను దాస్తాయి, తుప్పును ఆపలేవు.

సుత్తితో మెల్లగా కొడితే బోలుగా మోగిన చోటల్లా చెక్కేయాలి. చువ్వల తుప్పును తీగబ్రష్‌తో గీకి, తుప్పు నిరోధక పూత పూసి, పాలిమర్ కలిపిన సిమెంటుతో పూడ్చాలి. చువ్వలు బాగా సన్నబడితే మాత్రం ఇంజినీరును పిలవాల్సిందే. పైన పగుళ్లు మూసి, నీళ్లు పైపు వైపు పారేలా వాటం పెట్టి, ఆపైన వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి. పిట్టగోడ, డాబా కలిసే మూలను గుండ్రంగా తిప్పాలి. ఇదంతా వేసవిలో, స్లాబు పొడిగా ఉన్నప్పుడే చేయించుకోవాలి.

కొత్త స్లాబు వేసేవారికి ఓ మాట. 2009లో జాంబాగ్ నుంచి తరలివచ్చిన గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌లో పూలు వాడకుండా నీళ్లు చల్లుతూనే ఉంటారు. స్లాబుకూ మొదట్లో అదే సేవ కావాలి. కనీసం 7 రోజులు, ఎండలు మండుతుంటే 10 రోజులు తడి ఆరనివ్వకూడదు. ఆ తర్వాత జీవితాంతం నీళ్లు నిలవనివ్వకూడదు.

ఇప్పుడా ఇంట్లో మృగశిరకు ముందే ఎవరో ఒకరు డాబా ఎక్కి పైపు మూతి శుభ్రం చేస్తున్నారు. అమ్మమ్మ మంచం మళ్లీ ఫ్యాను కిందికి చేరింది. బకెట్ స్నానాల గదికి వెళ్లిపోయింది.