పెట్ అనుభవం ఉన్నదా సార్?



కులం అడగకుండానే కులం తెలుసుకునే పద్ధతుల గురించి రాస్తున్న కదా. ఇయ్యాల ఒక కుక్కపిల్ల ముచ్చట.

మా బిడ్డ కుక్కపిల్ల కావాలన్నది. పైసలు పెట్టి కొనుడెందుకు, దిక్కులేనిదాన్ని తెచ్చుకుందామనుకున్నం. హైదరాబాద్ శివారులో ఒక జంతు సంరక్షణ కేంద్రానికి ఫోన్ చేసిన. "మేడమ్ మీకు కాల్ చేస్తరు" అన్నరు. వారం దినాలు చూసిన, ఏ మేడమ్ చెయ్యలే. కాలేజీకి సెలవు పెట్టి, వేల్పూర్ నుంచి ఆర్మూర్ పోయి, అక్కడ హైదరాబాద్ బస్సెక్కిన.

నాలుగు పేజీల ఫారం చేతికిచ్చిండ్రు. సొంతిల్లా, కిరాయా? కిరాయైతే ఓనర్ రాసిచ్చిన కాగితమేది? కాంపౌండ్ గోడ ఉన్నదా? ఇంట్ల ఏం వండుతరు? నింపుతుంటే కౌంటర్ కాడి పిల్లగాడు అడిగిండు:

"పెట్ అనుభవం ఉన్నదా సార్?"

"మా తాత బతుకంత పశులు గాసిండు. బర్రె ఈనలేక తిప్పలవడుతుంటే ఊరోళ్లు మా నాయన కోసమే వచ్చేది."

"అవి పశువులు సార్. నేను పెట్ గురించి అడుగుతున్న."

వంట గడిలో ఉన్నదున్నట్టు రాసిన: ఆదివారం పెద్దకూర. అది చదివి పిల్లగాడు తలెత్తి నన్ను చూసిండు. "టీమ్ మాట్లాడుకొని చెప్తది సార్" అన్నడు. మూడుసార్లు నేనే ఫోన్ చేసినంక ఒక మెసేజ్ వచ్చింది: మీ ఇల్లు అనుకూలం కాదు. ఎందుకని అడిగితే జవాబు లేదు.

ఆ ఫారంలో కులం గడి ఎక్కడా లేదు. ఆ అవసరమే లేకుండె. సొంతిల్లు, గోడ, వంట — ఈ మూడు గడులు కలిపితే మా వాడ అడ్రస్ వస్తది.

టీకాలు వేయిస్తరా, ఆపరేషన్ చేయిస్తరా, రోజంత కట్టేసి ఉంచుతరా అని అడగాలె, గట్టిగ అడగాలె. అవి కుక్క మంచి కోసం అడిగే ప్రశ్నలు. మా గిన్నెలో ఏం ఉడుకుతున్నదో అడుగుడు ఎవరి మంచి కోసం?

2001లో వేల్పూర్ మండలంలో ఏం జరిగిందో మీలో కొందరికి తెలుసు. పశులు గాసే పిల్లలను, జీతాలకున్న పిల్లలను బడికి తెచ్చిండ్రు. ఆ అక్టోబర్ 2న బాలకార్మికులు లేని మండలంగ ప్రకటించిండ్రు. వాళ్లంత నా ఈడు పిల్లలు. పలక పట్టకముందే ఏ దూడకు జ్వరమొచ్చిందో చెవి పట్టి చెప్పేటోళ్లు. ఆ తెలివికి ఈ ఫారంలో గడి లేదు. మూగజీవాలను సాదిన చేతులకు జంతుప్రేమ లేదని తేల్చేది, ఎన్నడూ పేడ ఎత్తనోళ్లు.

మా సాహిత్యం క్లాసులో జాషువా 'గబ్బిలం' చెప్తుంటే పిల్లలు అడుగుతరు: కాశీకి గబ్బిలాన్నే ఎందుకు పంపిండు సార్? గుడి లోపలికి గబ్బిలం పోవచ్చు, దాన్ని పంపిన మనిషి పోరాదు. అందుకు. ఆ పుస్తకం 1941 నాటిది. ఇప్పుడు జీవి లోపల బోనులో ఉన్నది, మనిషి కౌంటర్ కాడ నిలవడ్డడు.

ఆ కేంద్రంలో ఇంకొకటి చూసిన. వెనకపక్క పెద్ద గిన్నెలో అన్నం, కోడికాళ్లు ఉడుకుతున్నయి. కుక్కలకే. వండేది, బోన్లు కడిగేది ఒక్కతే అక్క. మాట కలిపితే మావోళ్లే. "మా ఇంట్ల గూడ ఒకటున్నది సార్, మోరీల దొరికింది. నన్నెవరు ఫారం అడిగిండ్రు?" అని నవ్వింది. పొద్దంత అన్ని కుక్కలను సాదే ఆమెది రేకుల ఇల్లు, కిరాయిది. ఆ నాలుగు పేజీలు నింపితే ఆమె గూడ అనుకూలం కాదు.

కారణం రాతపూర్వకంగా ఇవ్వమని, వంట గడి తీసెయ్యమని ఆ కేంద్రానికి ఉత్తరం రాసిన. జవాబు రాలే. ఆ పిల్ల ఇంకా బోనులోనే ఉండొచ్చు.

మీకొక పని. హాస్టల్, కిరాయిల్లు, ఇంటర్వ్యూ — మీరు నింపిన ఏ ఫారమైనా సరే, కులం పేరెత్తకుండా కులం అడిగిన ప్రశ్న ఏదో రాసి పంపండి. వచ్చే వారం అవన్నీ ఒక్కకాడ పెడదాం.

జై భీమ్.