సోలెడు నుంచి గ్యాలన్ దాకా

సిద్దిపేట జిల్లా అక్కన్నపేట మండలంలో మా తండా. మా యాడి బడి మొహం చూడలేదు, అయినా ఆమె కొలత తప్పేది కాదు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు అడ్డెడు, రెండు అడ్డెళ్లు కుంచెడు. జొన్నలకైనా నూనెకైనా ఇదే లెక్క.

1956లో దేశమంతటికీ మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది. మంచిదే. ఊరికో తీరు మానిక ఉంటే అంగట్లో మోసపోయేది మనమే. కానీ లీటరుతో పాటు, మన కొలతలు తెలివితక్కువవి అనే మాట కూడా బడిలోకి వచ్చింది. నాకు ఆ మాటతోనే పేచీ.

ఇప్పుడు పత్తి చేనుకు మందు కొట్టే మా పిల్లలు ఫోన్‌లో అమెరికా రైతుల వీడియోలు చూస్తున్నారు. "గ్యాలన్ నీళ్లకు ఒక ఔన్సు అంటున్నడు, అంటే ఎంత సార్?" అని అడుగుతారు. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు. ద్రవాలు కొలిచే ఔన్సు 29.57 మిల్లీలీటర్లు. అక్కడ 8 ఔన్సులు ఒక కప్పు, రెండు కప్పులు ఒక పింటు, రెండు పింట్లు ఒక క్వార్టు, నాలుగు క్వార్టులు ఒక గ్యాలన్. చూడండి, ఇది మా యాడి లెక్కే! రెండింతలు చేసుకుంటూ పోవడమే.

గ్యాలన్‌లో 128 ఔన్సులు. కాబట్టి గ్యాలన్‌కు ఔన్సు అంటే 128 వంతుల నీళ్లకు ఒక వంతు మందు. మన 16 లీటర్ల పంపును 128తో భాగిస్తే 125 మిల్లీలీటర్లు. బ్రిటన్ గ్యాలన్ వేరు. అది 4.546 లీటర్లు, అందులో 160 ఔన్సులు. ఆ లెక్కన పంపుకు 100 మిల్లీలీటర్లే. పేరు ఒకటే, తేడా 25 మిల్లీలీటర్లు. మందు ఎక్కువైతే చేను మాడుతుంది, కొట్టే మనిషికీ ముప్పే.

ఇంకో మాట. అక్కడి సీసాలో మందు ఘాటు, ఇక్కడి సీసాలో ఘాటు ఒకటే కాకపోవచ్చు. లెక్క నేర్చుకోండి, మోతాదు మాత్రం మన డబ్బా మీద రాసిందే పాటించండి. అర్థం కాకపోతే వ్యవసాయ విస్తరణాధికారిని అడగండి.

ఉపాధ్యాయ మిత్రులారా, ఒకరోజు పిల్లలను ఇంటి నుంచి సోల, తవ్వ తెమ్మనండి. లీటరు సీసాతో నీళ్లు పోసి కొలిపించండి. తల్లి చేతిలోని కొలత కూడా గణితమేనని తెలిసిన పిల్లలు ఏ దేశపు కొలతకూ బెదరరు.