కోరంగి అను పేరు

మా అరుప్పుకోట్టై సముద్రతీరపు ఊరు కాదు. నల్లరేగడి నేల, ప్రత్తి, నూలు, మగ్గము, మండుటెండ, ఇవియే మాకు తెలిసినవి. ఇట్టి మెట్టయూరి వాడు ఓడరేవులను గూర్చి వ్రాయబూనుట చదువరులకు విడ్డూరముగా తోచవచ్చును. కాని మా సీమ ప్రత్తి తూత్తుకుడి రేవు మీదుగానే పరదేశములకు పోయినది. మా యిండ్లవారు పలువురు ఓడ యెక్కియే పొట్ట పోసికొనిరి. నేను పండితుడను కాను. మెట్రిక్యులేషను వరకు చదివి, నూలు కొట్టులో గుమాస్తాగా పద్దులు వ్రాసి విశ్రాంతి పొందినవాడను. నాయన చెప్పగా విన్నదియు, పిదప నేను చదివి, చూచి తెలిసికొన్నదియు ఈ సంచికలో విన్నవించుచున్నాను.

నది సముద్రమున కలియు చోట రేవు కట్టుట ఆది నుండియు మనుష్యుల అలవాటు. అచ్చట గాలివాన నుండి ఓడలకు మరుగు దొరకును, మంచినీరు దొరకును, లోపలి సీమల సరకు పడవలపై తేలి వచ్చును. కాని ఆ నదియే ఇసుకను, ఒండ్రును మోసికొని వచ్చి తన వాకిటనే మేట వేయును. తెచ్చిన చేయియే తలుపు మూయును. ఆ తలుపును తెరచి యుంచునది సముద్రపు పోటుపాటులు. పోటు వచ్చినప్పుడు సముద్రము నదిలోనికి ఎగబ్రాకును. పాటు నాడు ఆ నీరంతయు వెనుకకు పరుగెత్తుచు ముఖద్వారమును కడిగి పోవును. పోటు బలముగా నున్న చోట రేవు బ్రదుకును. బలహీనమైన చోట పూడిపోవును.

దీనికి ఉదాహరణము మనకు కూతవేటు దూరముననే కలదు. తామ్రపర్ణీ ముఖమున కొర్కై పాండ్యుల ముత్యాల రేవుగా వెలసినది. క్రీస్తు శకము మొదటి శతాబ్దమున గ్రీకు నావికుడొకడు వ్రాసిన పెరిప్లసు గ్రంథము దానిని కొల్ఖి యని పేర్కొని, అచ్చట శిక్షపడిన ఖైదీలచేత ముత్యపు చిప్పలు తీయించుచుండిరని చెప్పుచున్నది. నది ఒండ్రు వేసి వేసి సముద్రమును దూరముగా నెట్టినది. రేవు కాయలునకు జరిగినది. 13వ శతాబ్దాంతమున మార్కో పోలో చూచిన గొప్ప పట్టణమిదియే. హొర్ముజ్, ఏడెన్ రేవుల నుండి గుఱ్ఱముల నెక్కించుకొన్న ఓడలు ఇచ్చటికి వచ్చుచుండెను. కాయలును మెట్ట పడినది. తుదకు వర్తకము నదిని విడిచి తూత్తుకుడికి పోయినది. నేడు కొర్కైలో నిలిచిన వానికి అరటితోటలు, వరిపొలములు కనబడును గాని సముద్రము కనబడదు. మన్నారు అఖాతమున పోటు రెండు మూడడుగులకు మించదు. ఒండ్రును ఊడ్చు శక్తి దానికి లేదు.

తూత్తుకుడిలోను తీరమున లోతు తక్కువ. పెద్ద ఓడలు అయిదారు మైళ్ల దూరమున లంగరు వేసి నిలువగా, తోణులపై మూటలు మోసి ఎక్కించెడివారు. 1974లో లోతైన క్రొత్త రేవు ప్రారంభమైన పిదప గాని పెద్ద ఓడ ఒడ్డు నానుకొని నిలువలేదు.

ఇక పోటు బలమున బ్రదికిన రేవు రంగూను. మా నాయన 1938లో, పదునెనిమిదవ యేట, అచ్చటి బియ్యపు మిల్లులో గుమాస్తాగా చేరెను. ఆ దినములలో బర్మా ఏటేట సుమారు 30 లక్షల టన్నుల బియ్యము ఎగుమతి చేయుచు లోకమునకెల్ల పెద్ద ధాన్యాగారముగా నుండెను. రంగూను సముద్రమునకు 20 మైళ్లకు పైగా లోపల నున్నది. ఓడ నదీముఖము వెలుపల ఆగి, నది ఎరిగిన పైలటును ఎక్కించుకొని, పోటు కొరకు కనిపెట్టుకొని యుండవలెను. పట్టణము చెంత పెగూ నదియు, పజుండాంగు కాలువయు వచ్చి కలియు చోట హేస్టింగ్సు తిన్నె యను ఇసుకమేట కలదు. బరువెక్కిన ఓడ నిండు పోటు నాడే దానిని దాటవలెను. ఆ ఘడియ తప్పినచో మరల 12 గంటల 25 నిమిషములు ఆగవలసినదే.

అమావాస్య, పూర్ణిమల వెనువెంట నీరు 16, 18 అడుగుల ఎత్తు లేచి పడును. అందువలన జెట్టీలను తేలియాడు తెప్పలపై నిలిపి, గట్టునకు మడత వంతెనలతో కలిపిరి. నీటితో పాటు జెట్టీయు లేచును, దిగును. ధాన్యపు పడవలు పోటుతో పజుండాంగు కాలువలోని మిల్లులకు ఎక్కి, పాటుతో దిగివచ్చెడివి. “అక్కడ గడియారం కంటె పంచాంగం ముఖ్యంరా” అని నాయన చెప్పెడివాడు. నేటికిని ఆ రేవు పనిచేయుచునే యున్నది. లోతు చాలని పెద్ద ఓడలకై 1990 దశకము చివర దిగువన తిలావాలో క్రొత్త రేవు కట్టిరి.

ఆ రేవున మూటలు మోసినవారు ముఖ్యముగా మన తెలుగువారు. గోదావరి, విశాఖ, గంజాము సీమల నుండి వచ్చిన ఆ కూలీలను బర్మాలో ‘కోరంగీలు’ అనిరి. తొలినాళ్లలో వారు గోదావరి ముఖమున నున్న కోరంగి రేవున ఓడ యెక్కి పోవుటచే ఆ పేరు వచ్చినది. కాలక్రమమున అది తిట్టుమాటగా మారినది. 1930 మే నెలలో వారు కూలి పెంపునకై సమ్మె కట్టిరి. వారి స్థానమున బర్మావారిని పెట్టుకొని, సమ్మె ముగియగానే వారిని పొమ్మనుటచే దొమ్మీ చెలరేగి, వందకు పైగా ప్రాణములు పోయెను. పోయినవారిలో పెక్కురు మనవారే.

నాయన ఈ సంగతులు విని యుండెను. తాను గుమాస్తా, తెల్లచొక్కావాడు. కోరంగి యనిపించుకొనుటకు ఇష్టపడలేదు. మిల్లులో తమిళమే మాటాడెను. 1939లో ఒకనాడు జెట్టీ వద్ద ఒక నడివయస్సు కూలి ఆయనను సమీపించి, “బాబూ, తమరు తెలుగోరేనా? ఇంటికి ఒక ఉత్తరం ముక్క రాసిపెడతారా?” అని అడిగెను. నాయన తమిళమున “తెలుంగు తెరియాదు” అనెను. తెలుగున అడిగిన ప్రశ్నకు సరియైన జవాబు చెప్పినవాడు తెలుగు రాదనుచున్నాడని ఆ కూలికి వెంటనే తెలిసినది. అతడు కోపపడలేదట, తలపాగా విప్పి ముఖము తుడుచుకొని, “సరేలే బాబూ” అని వెడలిపోయెనట.

1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. లక్షలాది భారతీయులు కొండదారులు పట్టిరి. కొందరికి ఓడ దొరికెను. 1942 ఫిబ్రవరిలో నాయన ఒక సంపాను పడవలో నడినదిలోని ఓడను చేరెను. పోటు నిండినది, లంగరు తీయుచున్నారు. తిన్నె దాటవలెనన్న ఓడ ఇక ఆగదు. నిచ్చెన నిండ జనము. పాటు మొదలై సంపాను ప్రక్కకు కొట్టుకొనిపోసాగెను. పైనుండి యెవరో “తెలుగోడివా?” అని కేక వేసిరి. నాయన గొంతు చించుకొని “ఔను, తెలుగువాణ్ణే!” అనెను. త్రాడు పడినది. నలుగురు కూలీలు ఆయనను పైకి లాగిరి. వారిలో ఆ ఉత్తరపు మనిషి లేడు. మార్చి 8న రంగూను జపానువారి వశమైనది.

ఈ కథ నాయన నాకొక్కసారియే చెప్పెను. అప్పుడు నేను బడిపిల్లవాడను. ఒకనాడు స్నేహితులతో వచ్చుచు వీథిలో ఆయన ఎదురుపడగా, ‘నాయనా’ అనుటకు సిగ్గుపడి ‘అప్పా’ అని పిలిచితిని. ఆయన అప్పుడేమియు అనలేదు. ఆ రాత్రి భోజనమైన పిదప అరుగుపై కూర్చుండబెట్టి ఇదంతయు చెప్పి, “తమిళం మనకు అన్నం పెట్టిన భాషరా, దాన్ని ఎప్పుడూ చులకన చేయొద్దు. కాని ఎవరైనా అడిగితే లేదనొద్దు” అనెను.

ఉద్యోగము చాలించిన పిదప, 2019లో, కాకినాడ పోయి అచ్చటి నుండి యానాము దారిన కోరంగి చూచి వచ్చితిని. ఒకప్పుడు ఓడలు కట్టి, మరమ్మతు చేసిన రేవది. 1789లోను, 1839లోను తుపానుల ఉప్పెనలు ముంచెత్తినవి. గోదావరి ఒండ్రు మిగిలిన పని పూర్తి చేసినది. వర్తకము కాకినాడకు తరలినది. నేడచ్చట మడ అడవి; 1978 నుండి అది అభయారణ్యము. కాలువ గట్టున పడవవాడు, “నీరు తీసేసిందండి, పోటు వస్తేగాని పడవ కదలదు” అనెను. గంటసేపు కూర్చుండితిమి. నా మాట విని అతడు, “మీ తెలుగు వేరుగా ఉందండి. తమరు తెలుగోరేనా?” అని అడిగెను. నాకొక క్షణము నోట మాట రాలేదు. తరువాత “ఔనయ్యా, తెలుగువాళ్లమే” అంటిని. నాయన చెప్పవలసిన జవాబు ఎనుబది యేండ్లు ఆలస్యముగా నేను చెప్పితిననిపించినది.

మన కుటుంబములు ఈ సీమకు వచ్చి శతాబ్దములు గడచినవి. భాష కూడ నదీముఖము వంటిదే. ఒకవైపే ప్రవహించినచో మేట వేసి మూసికొనిపోవును. రాకపోకలు రెండును ఉన్నప్పుడే లోతు నిలుచును. మన పిల్లలు పలువురు ఇంట తెలుగు మాటాడుదురు గాని అక్షరము లెరుగరు. సెలవులలో వారికి అక్షరములు నేర్పి, దూరమున నున్న తాతకో, అవ్వకో, అత్తకో నెలకొక్క ఉత్తరము వ్రాయించుడని పెద్దలను వేడుచున్నాను. మా మనుమరాలితో నేను ఆ పని మొదలుపెట్టితిని. తప్పులున్నను దిద్దకుండ పంపుచున్నాము.

1939లో ఆ కూలి ఇంటికి ఏమి వ్రాయించుకొన దలచెనో మా నాయన అడుగలేదు. ఆ విషయము తలచుకొన్నప్పుడెల్ల ఆయన మౌనము వహించెడివాడు.